మూతి ఒక్కటే మిగిలిన బొమ్మ

ఇక్కడ సౌదీలో ఫైనల్ ఎగ్జిట్ మీద దేశం వదిలి వెళ్ళిపోయే కుటుంబాలు సామాను అమ్ముకోవడం మామూలే. ఫ్రిజ్, సోఫా, పిల్లల సైకిళ్ళు ముందు పోతాయి. చివరికి ఎవరికీ అక్కర్లేకుండా మిగిలేవి పుస్తకాలు. ఖోబర్‌లో ఒక అమెరికన్ టీచరమ్మ ఇల్లు ఖాళీ చేస్తోందని తెలిసి ఓవెన్ కొందామని వెళ్ళాను. నాకంటే ముందు వచ్చినవాళ్ళు దాన్ని పట్టుకుపోయారు. వట్టి చేతులతో వెళ్తున్నానని జాలిపడిందో, బరువు వదిలించుకుందామనుకుందో గానీ, ఆవిడ ఒక లావుపాటి బొమ్మల పుస్తకం నా చేతిలో పెట్టింది. డ్రైవర్ భాయ్ అది చూసి, "ఏందక్కా, ఓవెన్ కోసరమని వచ్చి ఇటికరాయి ఎత్తుకోని పోతాండావు" అన్నాడు. భాయ్‌ది కడప జిల్లా. దమ్మామ్‌లో మా వీధి తెలుగువాళ్ళందరికీ ఆయన కారే దిక్కు.

ఆ పుస్తకం రెండు వందల ఏళ్ళ కిందటి ఒక అమెరికా చిత్రకారుడిది. పేరు నా నోటికి సరిగ్గా తిరక్క అమెరికా తాత అని పెట్టుకున్నాను. తాత ఊరూరా తిరిగి జనం ముఖాలు వేసి బతికాడు. ఆయనకు ఇష్టమైనవి కొండలూ, నదులూ, ఆకాశాలూ. జనం డబ్బిచ్చింది మాత్రం తమ ముఖాలకే. కొండల బొమ్మలు అమ్ముడుపోక ఆయన ఇంట్లోనే ఉండిపోయాయట. అందుకని ఒక ఉపాయం చేశాడు. ముఖం వేయించుకునే ప్రతివాడి వెనకా ఒక కిటికీ పెట్టి, అందులోంచి ఆ మనిషి పొలమో, ఓడలో, మిల్లో కనిపించేలా వేశాడు. కూర్చున్నవాడికి తన ఆస్తి కనిపించింది, తాతకు తన ఆకాశం దొరికింది. చేతులు వేయడం ఆయనకు అస్సలు రాదు. వేళ్ళన్నీ చపాతీ పిండి ముద్దల్లా ఉంటాయి. ముఖాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే. ఒక వ్యాపారికి ఒక కన్ను కిందికి జారి ఉంటే అలాగే వేశాడు. ఆ పెద్దమనిషి ఈ బొమ్మ నాకొద్దని తిప్పి పంపాడట. తాత దాన్ని దిద్దలేదు, పారేయలేదు. చచ్చేదాకా తన దగ్గరే ఉంచుకున్నాడు. ఆ పేజీ తిప్పబుద్ధి కాలేదు నాకు.

నేను ఫైన్ ఆర్ట్స్ చదివినదాన్ని. పెళ్ళయి ఇక్కడికొచ్చాక నా కుంచె మా అబ్బాయి స్కూలు చార్టులకు తప్ప ఎందుకూ పనికిరాలేదు. అందులో ఎవరి తప్పూ లేదు. కోపం మాత్రం నాకుండేది. అబ్బాయి ఇంజినీరింగ్‌కని ఇండియా వెళ్ళిపోయాక ఆ చార్టులు కూడా లేకుండా పోయాయి. తాత పుస్తకం చూసి చూసి, ఒక శుక్రవారం పొద్దున మా ఆయన్ని కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టాను. ఆయన ఇక్కడ ఒక ఆయిల్ సర్వీస్ కంపెనీలో ఇంజినీరు. కదలకుండా కూర్చోవడమేగా, ఆఫీసులో చేసేది అదేనని కూర్చున్నారు.

వెనక కిటికీలో ఏం వేయమంటారని అడిగాను. మన కిటికీలోంచి కనిపించేదే వెయ్యమన్నారు. కనిపించేవి గోడౌన్ల రేకులు, నీళ్ళ ట్యాంకులు, దుమ్ము రంగు ఆకాశం. సరే అని పెన్సిల్ పెట్టగానే ఆయనే వద్దన్నారు.

"మీ తాత కిటికీల్లో ఉన్నవన్నీ వాళ్ళ సొంతం కదా. ఈ గోడౌన్లు మనవా? ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు మీద పేరు తప్ప నాదంటూ ఏముంది?"

తెనాలిలో ఇల్లు వెయ్యనా అంటే అది తమ్ముడి వాటాకు పోయిందిగా అన్నారు. ఇంక ఆ కిటికీ మూసేసి పరదా వేసేద్దామా అని విసుక్కున్నాను. అప్పుడు ఆయన, రాబిగ్ సముద్రం వెయ్యి అన్నారు.

రాబిగ్ ఈ దేశానికి అటు చివర, ఎర్ర సముద్రం ఒడ్డున ఉంది. పెళ్ళికి ముందు ఆయన మొదటి ఉద్యోగం అక్కడి రిఫైనరీ పనుల్లో. క్యాంపులో తెలుగువాడు తనొక్కడేనట. శుక్రవారం శుక్రవారం సముద్రం దాకా నడిచి వెళ్ళి, మనుషులు లేనిచోట నిలబడి పైకి తెలుగు మాట్లాడేవారట. ఎవరితో అన్నాను. సముద్రంతో అన్నారు. ఎక్కాలు, చిన్నప్పటి పద్యాలు, వాళ్ళమ్మ తిట్టిన తిట్లు, ఏది గుర్తొస్తే అది.

"నోరు మూతపడిపోతుందేమోనని భయమేసేది," అన్నారు.

ఇన్నేళ్ళ కాపురంలో ఈ ముక్క నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఇంట్లో మా మాటలన్నీ కూరలు, బిల్లులు, అబ్బాయి మార్కులు. కుర్చీలో కూర్చోబెట్టి ఎదురుగా నిలబడితే గానీ మనిషి మాట్లాడడని నాకు అప్పుడే తెలిసింది. అందుకే బొమ్మ నిదానంగా వేశాను. తాత బొమ్మల్లోలా కోటు వేశాను, చేతులు వేశాను, కిటికీ వేసి అందులో సముద్రం పెట్టాను. తర్వాత నుదురు, కళ్ళు, ముక్కు. మూతి ఒక్కటే వదిలేశాను. మూతి వేయాలంటే మాటలు ఆపమనాలి. ఆపమనడం నాకు ఇష్టం లేకపోయింది.

ఆ బొమ్మను ఆయన వీడియో కాల్‌లో వాళ్ళమ్మకు చూపించారు. మా అత్తగారు విజయవాడలో మా ఆడపడుచు దగ్గర ఉంటారు. ఆవిడ గొంతుకు ఫోను అనవసరం, గట్టిగా పిలిస్తే దమ్మామ్‌కి వినిపిస్తుంది. బొమ్మ చూసి మెచ్చుకుంటారనుకున్నాం. బతికున్నవాడికి పటం ఏమిటే, మనిషి పోయాక కదా పటం గోడకెక్కేది, బొమ్మ గీస్తే ఆయుష్షు తగ్గుతుందని ఆ మాత్రం తెలియదా అని కేకలేశారు. మేమిద్దరం నవ్వుకున్నాం. ఆయన నాకంటే గట్టిగా నవ్వారు.

తర్వాత కొన్నాళ్ళకు ఒక పొద్దున ఆయన అద్దం ముందు పళ్ళు తోముకుని నీళ్ళు పుక్కిలిస్తుంటే ఎడమ పక్క నుంచి నీళ్ళు చిమ్మి చొక్కా తడిసింది. నావైపు తిరిగారు. మూతి కుడివైపుకు లాక్కుపోయింది, ఎడమ కన్ను మూతపడటం లేదు. ఆయనకు నన్ను వెక్కిరించే అలవాటుంది. అలాగే వెక్కిరిస్తున్నారనుకుని నేను నవ్వాను. నవ్వు సగంలో ఉండగానే ఆయన కళ్ళు చూశాను. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

భాయ్ కారు ఎలా తోలాడో ఆయనకే తెలియాలి. ఆస్పత్రిలో ఈజిప్టు డాక్టరు పరీక్షలన్నీ చేయించి, ఇది మెదడుకు వచ్చింది కాదు, ముఖంలో నరం వాచిందంతే, మందులు వాడితే చాలామందికి మెల్లగా తగ్గిపోతుంది అని చెప్పాడు. ఎంత మెల్లగా అంటే వారాలు కావచ్చు, నెలలు కావచ్చు అన్నాడు. తిరుగుదారిలో భాయ్ ధైర్యం చెప్పాడు.

"ఏం గాదు లేక్కా. మా చిన్నాయనకూ ఇట్లే అయితే పావురం నెత్తురు రుద్దినారు. సార్ ఊ అంటే నేను పట్టకొస్తా."

సార్ ఊ అనలేదు. ఇంటికొచ్చేదాకా చేతి రుమాలు మూతి మీద నుంచి తీయలేదు.

ఆఫీసుకు వెళ్ళిన మొదటి రోజే తిరిగొచ్చేశారు. గేటు దగ్గర హాజరు మిషన్‌ను ఇక్కడ అందరూ బస్మా అంటారు. బస్మా అంటే వేలిముద్ర. ఇప్పుడది వేలు వదిలేసి ముఖం చూస్తోంది. ఆ రోజు మిషన్ ఆయన్ని గుర్తుపట్టలేదు. కళ్ళజోడు తీశారు, దగ్గరికి జరిగారు, వెనక్కి జరిగారు. వెనక లైను పెరిగిపోయింది. ఏళ్ళ తరబడి సలాం కొట్టే నేపాలీ గార్డు పాపం సాయం చేద్దామని, 'సార్, ముహ్ సీదా కరో' అన్నాడట. ముఖం తిన్నగా పెట్టండి అని. ఆ మాట నాకు చెప్పి ఆయన సెలవు పెట్టేశారు. ఇంట్లో కూడా మాస్కు వేసుకోవడం మొదలుపెట్టారు. నేను వంటింట్లో ఉన్నప్పుడు వేరేగా కూర్చుని తినేవారు, చారు మూతి పక్క నుంచి కారుతుందని. అబ్బాయి ఫోన్ చేస్తే కెమెరా పాడైందని నా చేత అబద్ధం చెప్పించారు. మాస్కు తీయమని నేను అరిచాను. గాజు పెంకుల మీద నడుస్తున్నట్టుండేది ఆ ఇంట్లో.

వాళ్ళమ్మకు మాత్రం దాచలేకపోయారు. దాచనీయకుండా చేసింది మన అక్షరాలే. పెదవులు రెండూ కలిస్తే గానీ ప ఫ బ భ మ పలకవు. ఆవిడ ఫోన్ చేస్తే వీడియో ఆపేసి, అలవాటుగా 'అమ్మా' అనబోయారు. 'అవ్వా' అని వచ్చింది.

"నన్నప్పుడే అవ్వను చేశావేంట్రా," అని ఆవిడ నవ్వారు.

మళ్ళీ అనబోయారు. మళ్ళీ అదే వచ్చింది. అటువైపు నవ్వు ఆగిపోయింది. కొడుకు నోట అమ్మ అనే మాట పోతే ఏ తల్లికి తెలియదు? నేను ఫోన్ తీసుకుని జరిగింది చెప్పాను. నరం అన్నాను, తగ్గుతుందన్నాను. ఆవిడకు వినిపించింది పక్షవాతం ఒక్కటే. ఏడ్చి ఏడ్చి చివరికి అన్నారు.

"వాడి మూతి వెయ్యకుండా ఆపావు కదే. మూతిలేని బొమ్మ ఇంట్లో పెట్టుకుంటే ఏమవుద్ది? ముందది చెరిపెయ్యి."

కళ్ళు వేసి మూతి వేయకపోవడమే ఆవిడ లెక్కలో కారణం. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకతె. నాకు తోడికోడలు పక్కన లేదు. ఆ పని మా ఆయన చేశారు. స్పీకర్‌లో అదంతా వింటూ, కాదమ్మా అనలేదు. బొమ్మ వైపు చూస్తూ కూర్చున్నారు.

సరే, మూతి లేకపోవడమే తప్పయితే మూతి వేసి పారేస్తాను అనుకున్నాను. పాత మూతి వేస్తే ఆయనకూ కాస్త ధైర్యం వస్తుందని ఆశ. బొమ్మ ముందు నిలబడ్డాను. కుంచె కదల్లేదు. కింది పెదవి లావా, సన్నమా? నవ్వితే ఏ పక్క ముందు లేస్తుంది? ఎంత గుర్తు చేసుకున్నా రాలేదు. ఆల్బమ్‌లు తీశాను. పెళ్ళి ఫోటోల్లో అంతా మీసమే. మీసం తీసేశాక తీసిన ఫోటోల్లో ఆయన ఎప్పుడూ వెనక వరసలోనే. ఇకామా ఫోటోలో మూతి బిగించుకుని దొంగతనం ఒప్పుకోని మనిషిలా ఉన్నారు. రోజూ అన్నం పెట్టిన నోరు, నాతో గొడవపడిన నోరు ఎలా ఉండేదో నాకు తెలియదు. సముద్రాన్ని చూడకుండానే ఆయన మాటలు విని వేశాను గానీ, ఎదురుగా ఉన్న మూతిని వేయలేకపోయాను. నాకు చాలా సిగ్గేసింది. మొండిగా ఏదో ఒకటి వేశాను.

ఆయన వచ్చి చూశారు. మాస్కు లోపలి నుంచే అన్నారు, ఇది మీ అన్నయ్య మూతి అని.

నిజంగా అది మా అన్నయ్య మూతే. వేరే రోజయితే ఇద్దరం పడీ పడీ నవ్వేవాళ్ళం. ఆయన మాస్కు తీసి నా ఎదురుగా నిలబడ్డారు. అప్పటికి ఎన్నో రోజులుగా వెలుతురులో నేనా ముఖం చూడలేదు.

"చెరివెయ్యి," అన్నారు.

అర్థమయింది. కానట్టు నటించాను. ఎమ్‌టెక్ చదివిన మనిషి, పైపులో ఎక్కడ పగులుందో బయట నుంచి చెప్పే మనిషి, తన నరం వాపును నా కుంచె మీద పెడుతుంటే ఒళ్ళు మండింది. చదవేస్తే ఉన్న మతి పోవడమంటే ఇదే. ఏమంటున్నారో తెలియట్లేదు, సరిగ్గా చెప్పండి అన్నాను. ఆయన ఎడమచేతి వేళ్ళతో తన రెండు పెదవులూ ఒకచోటికి పట్టుకున్నారు. పట్టుకుని, ఒక్కో అక్షరం కూడగట్టుకుని అన్నారు.

"చెరి... పెయ్యి. నాకు భయంగా ఉంది."

ఆ 'ప' కోసం ఆయన పడ్డ పాటు చూశాక నా కోపం ఏమైపోయిందో తెలియదు. టర్పెంటైన్ గుడ్డకు పోసుకున్నాను. కొత్తగా వేసిన మూతి ఒక్క తుడుపుకే పోయింది. కళ్ళు ఆరిపోయి ఉన్నాయి, అవి కత్తితో గీకాల్సి వచ్చింది. గీకుతుంటే ఆయన గదిలోంచి వెళ్ళిపోయారు. నేను ఏడుస్తూనే గీకాను. ఇన్నేళ్ళలో నాకోసం నేను వేసుకున్న బొమ్మ అదొక్కటే. చివరికి కోటు, చేతులు, కిటికీ, కిటికీలో సముద్రం మిగిలాయి. మెడ మీద ఒక మురికి తెలుపు మరక. బొమ్మను బీరువా వెనక పెట్టేశాను. మర్నాడు ఆయన ఆ కుర్చీ మీద బట్టలు ఆరేశారు.

డాక్టరు అద్దం ముందు కూర్చుని రోజూ ముఖానికి కసరత్తు చేయమన్నాడు. ఫిజియోథెరపీ అమ్మాయి ఇచ్చిన ఇంగ్లీషు అక్షరాలు ఆయన మొక్కుబడిగా అనేవారు. నేను వాటిని అవతల పారేసి, బళ్ళో పంతులమ్మలా ఎదురుగా కూర్చుని ప ఫ బ భ మ చెప్పించాను. చెంప నేనే రుద్దేదాన్ని. కంట్లో చుక్కలు వేసి, పడుకోబోయే ముందు రెప్పను మూసి టేపు అంటించేదాన్ని. మొదట్లో ముఖం తిప్పుకునేవారు. తర్వాత తిప్పుకోవడం మానేశారు. నాకు వేరే పని లేదు, వేరే చూపు లేదు. ఎడమ మూల ఎంత జారింది, ఈ రోజు నిన్నటికంటే వెంట్రుక వాసి లేచిందా, కింది పెదవి మీద గీత ఎటు వంగింది, అంతా నా వేళ్ళకు తెలుసు. కింది పెదవి లావేమీ కాదు, సన్నం. మధ్యలో చిన్న నొక్కు కూడా ఉంది.

డాక్టరు చెప్పినట్టే మెల్లగా తగ్గింది. ఒకరోజు ఫోన్‌లో 'అమ్మా' అని వచ్చింది. అటువైపు ఆవిడ ఏడ్చారు, ఇటు నేనూ ఏడ్చాను. కళ్ళు తుడుచుకోగానే ఆవిడ అన్నారు, చూశారా, బొమ్మ చెరిపారు, వాడి ముఖం వాడికొచ్చింది అని. ఆయన అవునమ్మా అనలేదు, కాదమ్మా అని కూడా అనలేదు. మందుల పేర్లన్నీ ఏకరువు పెట్టాలని నా నాలుక దాకా వచ్చింది. మింగేశాను. బస్మా మిషన్ కూడా గుర్తుపట్టింది. భాయ్ ఏమో తను ఆపూటే చెప్పలేదా సార్‌కి ఏం కాదని అంటూ పావురం సంగతి మర్చిపోయాడు.

పూర్తిగా పోలేదు. నవ్వితే ఎడమ కన్ను కొంచెం చిన్నదవుతుంది. అలిసిపోయిన రోజు మూతి ఎడమ మూల కిందికి జారుతుంది. తెలియనివాళ్ళకు కనిపించదు. ఆయనకు మాత్రం ప్రతి అద్దంలోనూ అదే కనిపిస్తుంది. అబ్బాయితో వీడియోలో మాట్లాడుతున్నారు గానీ ముఖం ఎప్పుడూ ఒక పక్కకే పెడతారు. కుర్చీ మాట నేను ఎత్తలేదు, ఆయన ఎత్తలేదు. బీరువా వెనక ఏముందో ఇద్దరికీ తెలుసు. అమెరికా తాత పుస్తకంలోనే ఇంకో మాట చదివాను. అలా ఊళ్ళు తిరిగే చిత్రకారులు చలికాలంలో ఇంట్లో కూర్చుని కోట్లు, చేతులు వేసి పెట్టుకుని, ఎండలొచ్చాక మనుషుల్ని చూసి ముఖాలు అతికించేవారని ఒక వాడుక ఉందట. నిజమో కాదో పుస్తకం కూడా తేల్చలేదు. నా కోటు, చేతులు బీరువా వెనక చీకట్లో ఎదురుచూస్తున్నాయి. ముఖం మాత్రం ఇల్లంతా తిరుగుతూ నాకు దొరకడం లేదు.

మొన్న ఒక శుక్రవారం నేను వంటింట్లో పెసరట్టు పిండి రుబ్బుతున్నాను. మిక్సీ ఆపేసరికి ముందు గదిలో ఏదో ఈడుస్తున్న చప్పుడు. వెళ్ళి చూస్తే కుర్చీ మీది బట్టలన్నీ మంచం మీద కుప్పగా ఉన్నాయి. బొమ్మ బీరువా వెనక నుంచి బయటికొచ్చి గోడకు ఆనించి ఉంది. ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నారు. చొక్కా గుండీలు పైదాకా పెట్టుకున్నారు. ముఖం మాత్రం ఒక పక్కకు, బాగున్న కుడి చెంప నాకు కనిపించేలా తిప్పి పెట్టుకున్నారు.

"అమ్మకు చెప్పకు," అన్నారు.

చేతులు కడుక్కొచ్చాను. రంగులు కలిపాను. ఇటు తిన్నగా తిరగండి అన్నాను. తిరగలేదు. సముద్రం వైపు, అంటే బొమ్మలోని సముద్రం వైపు చూస్తూ అడిగారు.

"ఏ మూతి వేస్తావు? పాతదా, ఇప్పటిదా?"

"పాతది నాకు తెలీదండీ. నేను చూసింది ఇదొక్కటే."

ఆయన లేచి వెళ్ళిపోతారేమో అనుకున్నాను. తిన్నగా నావైపు తిరిగారు. తిరుగుతూనే చెయ్యి ఎత్తి ఎడమ చెంపను మూసుకున్నారు.

చెయ్యి తీయండి, అన్నాను. తీశారు.